ఎర్రకాలు – నీలికాలు

“వాడు రెండు పడవల మీద కాళ్ళు పెట్టాడు” అని మనం ఎంత తేలిగ్గా అనేస్తాం! అటు అమ్మనూ ఇటు ఆలినీ మంచి చేసుకోబోయిన ప్రతివాడినీ ఆ మాటే అంటాం. అనేవాళ్ళలో ఒక్కరైనా నిజంగా అలా నిలబడి చూశారా అని నాకు ఎప్పుడూ కోపమే. మనవైపు ఆ మాట ఎలా పుట్టిందో నాకు తెలియదు, పండితులను అడుక్కోండి. మొసళ్ళపాయ దగ్గర ఎలా పుట్టిందో మాత్రం చెబుతాను. దానికి కారకుడు మన కథానాయకుడే. ఆ ఘనకార్యం చేస్తున్నంతసేపూ ఆయనగారికి తానేం చేస్తున్నాడో బొత్తిగా తెలియదు.

హేలాపురి పెద్ద యువరాజు ఉదయభద్రుడు సముద్రంలో ఓడ పగిలి, చుక్కాని ముక్కను కావలించుకుని కొట్టుకుపోతున్నాడు. తమ్ముడు లలితభద్రుణ్ణి ఊర్ణనాభుడనే మాంత్రికుడు రాతిబొమ్మగా మార్చి ఎవరో ఓడవర్తకుడికి అమ్మేసినప్పటి నుంచి ఆ అన్నకు కంటి మీద కునుకు లేదు. కిరీటం పెట్టెలో పడేసి, నావికుడి నూలు చొక్కా తొడుక్కుని, ఆ బొమ్మ కోసం రేవురేవూ గాలిస్తున్నాడు. బొమ్మ దొరికితే దాన్ని మళ్ళీ మనిషిని చెయ్యడానికి ఒకటే ఉపాయమని దారిలో ఒక యోగిని చెప్పింది. ఎర్రగట్టు కోటలోని పాతాళబావి నీళ్ళు తల నుంచి పాదాల దాకా పొయ్యాలి. నీరు తగిలినంత మేర రాయి మాంసమవుతుంది. అయితే ఆ బావిలో ఏడాదికి ఒక్క కడవ నీళ్ళే ఊరుతాయి.

ఉదయభద్రుడు కళ్ళు తెరిచేసరికి వీపు కింద తడి ఇసుక ఉంది, నోటి నిండా ఉప్పు ఉంది. తల తిప్పి చూశాడు. కుడివైపున పగడపు రంగు కొండలు, ఆ కొండల నెత్తిన కెంపులు తాపిన బురుజులు, బురుజుల మీద కుంకుమపువ్వు వన్నె పతాకలు, వాటి కింద మంకెనపూల తోటలు. ఎడమవైపున ఇంద్రనీలాల మేడలు, నెమలికంఠపు ఛాయల గోపురాలు, గవాక్షాల నిండా నల్లకలువల తోరణాలు. రెండు గట్ల నడుమ ఆకుపచ్చని పాయ బద్ధకంగా సాగుతోంది. అందులో తేలుతున్నవి దుంగలనుకున్నాడు. ఒక దుంగ నోరు తెరిచి ఆవులించింది. తానున్నది పాయ నడిమధ్యన ఒక ఇసుకతిప్ప మీద.

తిప్పకు ఇటు ఎర్రపాగాల సైనికులు, అటు నీలిపాగాల సైనికులు ఈటెలు ఎత్తి పట్టుకుని ఉన్నారు. ‘నా పని అయిపోయింది’ అనుకున్నాడు యువరాజు. అతను కదలగానే ఈటెలన్నీ ఒక్కసారి కింద పడ్డాయి. రెండు సేనలూ ఇసుక మీద సాగిలపడ్డాయి.

“లేచాడ్రోయ్! నడిమయ్య లేచాడ్రోయ్!”

శంఖాలు మోగాయి, డప్పులు మోగాయి. గుబురు మీసాల పడవ సరంగు ఒకడు రెండు రంగుగిన్నెలతో పరుగున వచ్చి, చెప్పా పెట్టకుండా, యువరాజు కుడికాలికి ఎర్రరంగు, ఎడమకాలికి నీలిరంగు మోకాళ్ళ దాకా పూసేశాడు. వాడి పేరు మాచన్న. ఎర్రగట్టు రాణిగారి పడవ వాడిదే.

“ఏమిటిది? నా కాళ్ళకు రంగులేమిటి?”

“అయ్యో, పుయ్యకపోతే ఏ కాలు ఏ పడవ మీద పెట్టాలో నీకెలా తెలుస్తాది బాబూ?”

“నేను పడవ మీద కాలెందుకు పెడతాను?”

“మరి కూకుంటావేటి? నడిమయ్య కూకోడు గందా!” అన్నాడు మాచన్న, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు.

“ఈ నడిమయ్య ఎవరు?”

“నువ్వే.”

ఉదయభద్రుడికి తల తిరిగిపోయింది. నాలుగు శాస్త్రాలు చదివినవాడే, ఒక్కటీ అక్కరకు రాలేదు. మాచన్న గడ్డం పట్టుకుని బతిమాలితే, వాడు అటూ ఇటూ తిప్పి ఎలాగో చెప్పుకొచ్చాడు.

“ఈ ఇసకతిప్ప మొన్న వానాకాలంలో తేలింది బాబూ. సుట్టూరా ముత్తేల సిప్పలే. మాదంటే మాదని రెండు గట్లూ కొట్టుకు సస్తన్నాయి. ఇలాంటి తగూ వచ్చినప్పుడు తీర్పు సెప్పడానికి ఏ గట్టూ కాని మడిసి కావాల. సముద్రం ఎవుణ్ణి ఇసిరితే ఆడే మాకు నడిమయ్య. ఈ గట్టున ఒక పూట, ఆ గట్టున ఒక పూట నీకు బువ్వెడతారు. సాయంత్రం పోటు నీళ్ళొచ్చినప్పుడు రెండు పడవల మీదా కాళ్ళెట్టి తీర్పు సెప్తావు. నీ మాటకి తిరుగులేదు.”

“మీ తగువు సంగతి నాకేమీ తెలియదే!”

“తెల్దు కాబట్టే గందా నువ్వు!”

ఇది మహా గౌరవమనీ, బిడ్డ పుడితే ‘రెండు పడవల మీద నిలబడేంతటోడివి కా’ అని ఆ గట్ల మీద ముసలమ్మలు దీవిస్తారనీ మాచన్న చెప్పాడు. యువరాజు ఈ దండాలన్నీ వదిలించుకుని పారిపోయే దారి ఏదైనా ఉందా అని చూస్తున్నాడు. అప్పుడు మాచన్న నోటి నుంచి ఇంకో మాట జారింది.

“తీర్పయ్యాక రెండు గట్లూ చెరో కానుక ఇస్తాయి. నువ్వు ఏదడిగితే అది.”

“ఏదడిగినా ఇస్తారా?”

“ఏదడిగినా.”

పాతాళబావి కడవ! ఉదయభద్రుడు ఇసుక దులుపుకుని లేచి నిలబడ్డాడు. ఇప్పుడు నడిమయ్య కాదు, గండభేరుండమవమన్నా అవుతాడు.

ఎర్రగట్టు కోటలో అరటాకు ముందు కేతకీదేవి మహారాణి స్వయంగా కూర్చుని వడ్డించింది. వెండితీగల్లాంటి జుట్టు, ప్రతి వేలికీ కెంపుటుంగరం, మాట మాత్రం తేనె. “తిను నాయనా, తిను. సముద్రం నిన్నెంత నలిపేసిందో!” అంటూ నెయ్యి వంచింది. ఉదయభద్రుడు కడవ సంగతి ఎత్తగానే ఆమె చేతిలో నేతిగిన్నె ఆగిపోయింది.

“అది మా వంశధనం నాయనా.”

“అమ్మా, ఏదడిగినా ఇస్తారన్నారు.”

“ఇవ్వనన్నానా? ఇస్తాను. తిప్ప ఎర్రగట్టుదేనని తీర్పు చెబుతానని ఇప్పుడే నా చేతిలో చెయ్యి వెయ్యి.”

బొమ్మ ఇంకా దొరకలేదు. కానీ నీళ్ళు దొరికితే సగం పని అయినట్టే. తిప్ప ఎవరిదైతే తనకేం? తన తమ్ముడు ఎక్కడో ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ ఉన్నాడు. యువరాజు చెయ్యి వేశాడు. మహారాణి ఇంకో గరిటె నెయ్యి వేసింది.

మధ్యాహ్నం పల్లకిలో ఎక్కించి, పడవ దాటించి, నీలిగట్టుకు తీసుకుపోయారు. అక్కడ గజకర్ణ మహారాజు ఎదురొచ్చి, బొజ్జకు హత్తుకుని, భుజం మీద చెయ్యి వేసి భోజనశాలకు నడిపించాడు. ఆ శాల వైభవం చెప్పాలంటే నాకు ఇంకో అధ్యాయం కావాలి. చంద్రకాంత శిలల నేల, పైకప్పు నుంచి వేలాడే వైడూర్యాల గుత్తులు, గోడల వెంట జాలువారే పన్నీటి ధారలు, మూలమూలనా అగరుధూపం. ఉదయభద్రుడు వాటిలో ఒక్కటీ చూడలేదు. గుమ్మం పక్కన నిలబెట్టి ఉన్న ఒక రాతిబొమ్మను చూశాడు.

చెయ్యి ముందుకు చాచిన పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడి బొమ్మ అది. ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ. చిన్నప్పుడు గుర్రం మీద నుంచి పడితే ఉదయభద్రుడే పసుపు అద్దిన మచ్చ. చాచిన చేతికి గజకర్ణుడి తలపాగా వేలాడుతోంది.

“భలే పనికొస్తుందోయ్ ఇది!” అన్నాడు మహారాజు, ఉత్తరీయం కూడా తీసి ఆ చేతి మీద పడేస్తూ. “ఒక వర్తకుడి దగ్గర కొన్నాను. ఇంకో వింత చెప్పనా? తెల్లవారేసరికి దీని కళ్ళు చెమ్మగిల్లుతాయి! మంచు పడుతుందేమో అంటారు మావాళ్ళు. గదిలో మంచెక్కడిదోయ్?”

యువరాజుకు ఏడుపు తన్నుకొచ్చింది. పులిహోర ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. తమ్ముడికి తెలివి ఉందన్నమాట! ఇన్నాళ్ళూ అన్నీ చూస్తూ, అన్నీ వింటూ, అరవలేక నిలబడి ఉన్నాడన్నమాట!

“మహారాజా, నా కానుక ఆ బొమ్మ.”

“బొమ్మా? మరి నా తలపాగా ఎక్కడ పెట్టుకోను?” గజకర్ణుడు నిజంగానే దిగులుపడ్డాడు. కొంతసేపు మీసం నమిలి, గుసగుసగా అన్నాడు: “సరేలేవోయ్, ఇస్తా. తిప్ప నీలిగట్టుదని చెప్పు. మాటివ్వు మరి.”

ఇదీ చిక్కు. నీళ్ళు అక్కడ, తమ్ముడు ఇక్కడ. ఒకటి ఉండి ఒకటి లేకపోతే రెండూ లేనట్టే. అవునంటే తప్పు, కాదంటే తమ్ముడు మళ్ళీ తలపాగాల కొయ్య. కక్కలేక మింగలేక ఉదయభద్రుడు ఒక్క క్షణం తమ్ముడి మచ్చవైపు చూశాడు.

“ఇచ్చాను” అన్నాడు.

మీరైతే ఏం చేసేవారో నాకు చెప్పకండి. ఇంట్లో కూర్చుని చదివేవాళ్ళు అందరూ హరిశ్చంద్రులే.

తిరిగి పడవలో తిప్పకు వస్తుంటే అతని బుర్ర బొంగరంలా తిరిగింది. తిరిగి తిరిగి ఒకచోట ఆగింది. ‘చెరి సగం! తిప్ప చెరి సగమంటే సరి. ఇద్దరికీ దక్కుతుంది, ఇద్దరూ కానుక ఇస్తారు. ఎవరి మాటా పూర్తిగా తప్పినట్టు కాదు.’ ఇంత సులువైన ఉపాయం ఇందాకటి నుంచి తట్టనందుకు తనను తానే తిట్టుకుని, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. పాపం.

పొద్దు వాలింది. పోటు నీరు పాయలోకి పొంగింది. ఆకాశంలో ఒకవైపు కెంపురంగు, ఒకవైపు నీలిరంగు కలిసి కరిగి నీళ్ళలో పడుతున్నాయి. రెండు గట్ల మీదా జనం ఇసుక వేస్తే రాలనంతగా నిండిపోయారు. పాయ నడుమ రెండు పడవలు పక్కపక్కన ఆగాయి. ఎర్ర పడవలో ముత్యాల గొడుగు కింద కేతకీదేవి, ఆమె పాదాల దగ్గర మూత కట్టిన కడవ. నీలి పడవలో గజకర్ణుడు, అతని పక్కన నిలబెట్టిన బొమ్మ. తలపాగా ఈసారి మహారాజు నెత్తి మీదే ఉంది.

ఉదయభద్రుడు ఎర్రకాలు ఎర్ర పడవ అంచు మీద పెట్టాడు. నీలికాలు నీలి పడవ అంచు మీద పెట్టాడు. కింద రెండు చెక్కల సందున నీరు గుటకలు వేస్తోంది. అప్పుడు చూసుకున్నాడు.

“మాచన్నా, ఈ పడవలను కట్టిన తాడేదీ?”

“తాడెందుకు బాబూ?” చుక్కాని దగ్గర నుంచి మాచన్న జవాబిచ్చాడు. “ఇటోళ్ళూ అటోళ్ళూ తెడ్లతో బిగపట్టి ఉంచుతారు. నడిమయ్య మీద రెండు గట్లకీ నమ్మకం ఉన్నంతసేపూ పడవలు కదలవు.”

“నమ్మకం పోతే?”

“ఎందుకు పోతాది? ముందుగా సాటుగా ఎవరికీ మాటిచ్చీలేదు గందా!”

ఉదయభద్రుడు రెండు పడవల సందులోకి చూశాడు.

“ఇస్తే ఏమవుతుంది మాచన్నా?”

“ఏటవుతాది? ఎవుడి పడవ ఆడి గట్టుకి పోద్ది. మిగతాది మొసళ్ళు సూసుకుంటాయి.” మాచన్న నవ్వాడు. యువరాజు మొహం చూసి నవ్వు మధ్యలో ఆపేశాడు. “బాబూ... ఇచ్చీసినావేటి?”

శంఖం మోగింది. రెండు గట్లూ చడీచప్పుడూ లేకుండా ఊరుకున్నాయి. ఉదయభద్రుడు రాణివైపూ రాజువైపూ చూశాడు. ఏమీ చెప్పకపోతే బాగుండును. కానీ బొమ్మ చెయ్యి అతనివైపే చాచి ఉంది.

“ఈ తిప్ప...” అన్నాడు. “ఈ తిప్ప చెరి సగం!”

“సగమా!” గొడుగు కింద నుంచి మహారాణి చివాలున లేచింది. “నా చేతిలో చెయ్యి వేసి మొత్తం మాదని చెప్పావు కదరా!”

“ఏమిటేమిటీ?” గజకర్ణుడు గర్జించాడు. “వీడు మొత్తం నాదని నా ఎదుట మాటిచ్చాడే!”

అన్నాక ఇద్దరూ నాలుక కరుచుకున్నారు. లంచమడిగిన సంగతి ఇద్దరిదీ బయటపడింది. అయినా రాజుల తప్పు ఎవరు లెక్కలోకి తీసుకున్నారు కనుక! తెడ్లవాళ్ళ చూపులన్నీ ఆ రెండు కాళ్ళ మీదికి మళ్ళాయి. ఒక్కడూ ఆజ్ఞ కోసం ఆగలేదు. తాతల నాటి నుంచి వాళ్ళకు నేర్పిన పని అది. తెడ్లు నీళ్ళలో దిగాయి.

పడవలు మూరెడు ఎడమయ్యాయి.

“ఆగండి! నా తమ్ముడు! అది బొమ్మ కాదు, నా తమ్ముడు!” ఉదయభద్రుడు కేకలు పెట్టాడు. ఆ గోలలో ఎవరికి వినపడుతుంది? ఎర్రకాలు తూర్పుకు పోతోంది, నీలికాలు పడమరకు పోతోంది. తొడలు చీలిపోతున్నాయి. ఎటు దూకాలి? ఇటు దూకితే నీళ్ళున్నాయి, తమ్ముడు లేడు. అటు దూకితే తమ్ముడున్నాడు, నీళ్ళు లేవు. అటు చూశాడు, ఇటు చూశాడు, మళ్ళీ అటు చూశాడు. మాచన్న కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, చేతులు మాత్రం చుక్కానిని గట్టువైపే తిప్పుతున్నాయి.

“తప్పదు బాబూ! తప్పదు!” అని అరుస్తున్నాడు వాడు.

ఇంకో మూర. ఇక కాళ్ళు నిలవవని తెలిసిపోయింది. ఉదయభద్రుడు పక్కకు వంగి, మహారాణి పాదాల దగ్గరి కడవను మెడ పట్టి లాగాడు. మూత గుడ్డ పళ్ళతో చింపేశాడు. పడిపోతూ పడిపోతూ, ఒంట్లో ఉన్న బలమంతా కూడగట్టుకుని, కడవను నీలి పడవవైపు విసురుగా వంచాడు.

పాతాళబావి నీళ్ళు వెండిరేకులా గాలిలో లేచాయి. కొన్ని గజకర్ణుడి తలపాగాను తడిపాయి. కొన్ని బొమ్మ నెత్తిన పడి, నుదురు మీదుగా, మెడ మీదుగా, గుండెల దాకా జారాయి. మిగిలినవన్నీ, ఏడాది ఊటంతా, మొసళ్ళపాయలో కలిసిపోయాయి. కడవతో పాటు యువరాజు కూడా దబ్బున పడ్డాడు.

గట్ల మీద హాహాకారాలు లేచాయి. “రెండు పడవల మీద కాళ్ళెట్టినోడా! నీ నోట్లో మన్నుపడ!” అని ఎర్రగట్టు మీద ఒక ముసలమ్మ దుమ్మెత్తి పోసింది. పొద్దున అదే మాటతో మనవణ్ణి దీవించిన నోరు అది. నీలిగట్టు వాళ్ళు ఆ తిట్టు అందుకున్నారు. పొద్దు కుంకేలోగా రెండు గట్లూ, తిప్ప సంగతి మరిచిపోయి, ఏకకంఠంతో అతణ్ణే తిడుతున్నాయి. ఆ మాట అక్కడ మళ్ళీ ఎన్నడూ దీవెన కాలేదు.

ఉదయభద్రుడు నీళ్ళ మీదికి తేలాడు. ఎటు చూసినా తెడ్లు, నురగ, అరుపులు. ఏది ఏ గట్టో తెలియడం లేదు. అప్పుడు వినిపించింది.

“అన్నా!”

నీలి పడవలో రాతి ఒంటి మీద బతికిన తల అటూ ఇటూ తిరుగుతోంది. కళ్ళు బెదురుగా వెతుకుతున్నాయి. “అన్నా, ఎక్కడున్నావ్? నా చేతులు రావడం లేదేమిటి? నా కాళ్ళేవి?”

“లలితా! ఇక్కడ! ఇక్కడున్నానురా!”

గజకర్ణ మహారాజు తెడ్లవాళ్ళ వెనక్కి దూరి గజగజా వణికిపోయాడు. ఇన్నాళ్ళూ తన తలపాగా మోసినది ఇప్పుడు మాట్లాడుతోంది. “పిశాచం! పాయలోకి తోసెయ్యండి! తోసెయ్యండిరా!” అని కీచుగొంతుతో అరిచాడు.

నలుగురు కలిసి బొమ్మను ఒంచారు. ఉదయభద్రుడు ఈదుతున్నాడు. పక్కనే ఒక దుంగ నీళ్ళలో మునిగింది. అతను చూడలేదు. పడవకూ అతనికీ నడుమ నాలుగు బారల నీళ్ళున్నాయి.

“అన్నా, నన్ను ఒంచేస్తున్నారు. అన్నా, నాకు ఈదడం రాదు కదా!”

“ఊపిరి పీల్చుకో! లలితా, గట్టిగా ఊపిరి పీల్చుకో! నేనొస్తున్నా!”

రాయి పడవ అంచు దాటి పడింది. తల మునిగే ముందు తమ్ముడి ఛాతీ, ఆ మాంసమున్న కాస్త ఛాతీ, పైకి లేవడం ఉదయభద్రుడు చూశాడు. తానూ ఊపిరి పీల్చుకుని, అది మునిగిన చోటే తల కిందికి పెట్టి మునిగాడు.